భాగం – 6 : వర్గ సమాసాల కారణాంక విభజన – పదాలను జతపరిచే పద్ధతి

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• వర్గ సమాసంలోని మధ్యపదాన్ని సరైన రెండు పదాలుగా విడదీయగలుగుతారు.
• పదాలను జతపరిచి ఉమ్మడి కారణాంకాన్ని బయటకు తీయగలుగుతారు.
• ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• ఒక సమాసం పూర్ణసంఖ్యలతో విడిపోతుందో లేదో ముందే నిర్ణయించగలుగుతారు.
• విస్తీర్ణం, చుట్టుకొలత తెలిసిన దీర్ఘచతురస్రాకారపు భూమి కొలతలను సరిచూడగలుగుతారు.

6.1 పరిచయం

వేసవి రాగానే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాల్లో అడవి అంచు పల్లెల్లో తునికాకు కల్లాలు మొదలవుతాయి. యాభై ఆకులను ఒక కట్ట కడతారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో ఆ కట్టలను నేల మీద వరుసలుగా పేర్చి ఎండబెడతారు. వరుసలన్నీ సమానంగా ఉంటే ఒక్కో కట్టను లెక్కపెట్టే పని లేదు. వరుసకు 23 కట్టలు, మొత్తం 14 వరుసలు ఉంటే 23 × 14 = 322 కట్టలు అని వెంటనే చెప్పవచ్చు.

ఇప్పుడు ప్రశ్నను తిరగేసి చూడండి. 322 కట్టలు ఉన్నాయి, ఒక్కటి కూడా మిగలకుండా సమానమైన వరుసలుగా పేర్చాలి అంటే ఏం చేస్తారు? 322ను రెండు సంఖ్యల లబ్ధంగా రాయాలి. మొదటిది గుణకారం, రెండవది కారణాంక విభజన. గుణకారం ఎవరైనా వరుసగా చేసుకుంటూ పోతారు. విడదీయడానికి మాత్రం కొంత ఆలోచన కావాలి. ఈ భాగంలో సంఖ్యలకు బదులు వర్గ సమాసాలను విడదీయడం నేర్చుకుంటారు.

కారణాంక విభజన అంటే ఊహించి చూడడమే అని చాలామంది అభ్యాసకులు అనుకుంటారు. ఊహ కుదిరితే లెక్క వస్తుంది, కుదరకపోతే వదిలేస్తారు. అధ్యయన కేంద్రానికి దూరంగా, అడిగి తెలుసుకొనే అవకాశం లేకుండా ఒంటరిగా చదువుకొనేవారికి ఇది పెద్ద ఇబ్బంది. నిజానికి ఇందులో ఊహకు చోటు లేదు. వెతకవలసిన సంఖ్యల జాబితా చిన్నది, దానికి ముగింపు ఉంది. జాబితా అయిపోయేసరికి సమాధానమైనా దొరుకుతుంది, సమాధానం లేదన్న సంగతైనా తేలుతుంది.

గుర్తుల గురించి ఒక మాట. తెలియని రాశిని ఈ భాగంలో ‘య’ అని రాస్తున్నాం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశిని ‘యావత్ తావత్’ అని పిలిచి, దానికి గుర్తుగా ‘యా’ అని రాశాడు. పరీక్షలో మీరు ఎక్స్ అనే అక్షరం వాడినా పద్ధతి మారదు.

6.2 గుణకారంలో ఏం జరుగుతుంది?

ఒక కల్లంలో వరుసకు 2య + 3 కట్టలు, మొత్తం య + 4 వరుసలు ఉన్నాయనుకుందాం. మొత్తం కట్టలు:

(2య + 3)(య + 4) = 2య² + 8య + 3య + 12 = 2య² + 11య + 12

కల్లాన్ని మనసులో నాలుగు ముక్కలుగా చూడండి. మొదటి ముక్కలో 2య² కట్టలు, రెండవ దానిలో 8య, మూడవ దానిలో 3య, చివరి మూలలో 12. వీటిలో 8య, 3య సజాతి పదాలు కాబట్టి కలిసి 11య అయ్యాయి. నాలుగు పదాలు మూడయ్యాయి. విడదీసేటప్పుడు మనం చేయవలసిందల్లా కలిసిపోయిన ఆ రెండు పదాలను మళ్ళీ వేరు చేయడమే.

కాని 11ను ఎన్నో విధాలుగా రాయవచ్చు: 10 + 1, 9 + 2, 7 + 4, 6 + 5. వీటిలో 8 + 3 మాత్రమే సరైనదని ఎలా తెలుస్తుంది? ఈ రెండు సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. 8 అనేది 2 × 4 నుంచి, 3 అనేది 3 × 1 నుంచి వచ్చాయి. వీటి లబ్ధం 2 × 4 × 3 × 1 = 24. ఇక మొదటి పదపు గుణకం 2 అనేది 2 × 1 నుంచి, స్థిరపదం 12 అనేది 3 × 4 నుంచి వచ్చాయి. వీటి లబ్ధం 2 × 1 × 3 × 4, అది కూడా 24. రెండు చోట్లా గుణించినవి అవే నాలుగు సంఖ్యలు. అందుకే ఈ రెండు లబ్ధాలు ఎప్పుడూ సమానంగా ఉంటాయి.

మనకు కావలసిన ఆనవాలు ఇదే: మధ్యపదాన్ని విడదీసే రెండు సంఖ్యల మొత్తం మధ్యపదపు గుణకానికి సమానం కావాలి. వాటి లబ్ధం మొదటి గుణకం, స్థిరపదాల లబ్ధానికి సమానం కావాలి.

6.3 పద్ధతి

వర్గ సమాసపు సాధారణ రూపం: కయ² + గయ + చ. ఇందులో క, గ, చ పూర్ణసంఖ్యలు, క సున్న కాదు.

మెట్టు 1: మూడు పదాలకూ ఉమ్మడి కారణాంకం ఉంటే ముందుగా బయటకు తీయండి.
మెట్టు 2: క × చ లబ్ధం కనుక్కోండి.
మెట్టు 3: మ × న = క × చ, మ + న = గ అయ్యేటట్లు మ, న అనే రెండు సంఖ్యలను వెతకండి.
మెట్టు 4: గయ స్థానంలో మయ + నయ రాయండి. ఇప్పుడు నాలుగు పదాలు ఉంటాయి.
మెట్టు 5: మొదటి రెండు పదాలను ఒక జతగా, చివరి రెండు పదాలను ఒక జతగా తీసుకొని ఒక్కో జత నుంచి ఉమ్మడి కారణాంకాన్ని బయటకు తీయండి.
మెట్టు 6: రెండు జతల్లోనూ ఒకే బ్రాకెట్టు మిగులుతుంది. దాన్ని కూడా ఉమ్మడిగా బయటకు తీయండి.

ఉదాహరణ 1: 2య² + 11య + 12

క × చ = 24. లబ్ధం 24 అయ్యే జతలు: 1, 24, 2, 12, 3, 8, 4, 6. వీటిలో మొత్తం 11 వచ్చేది 3, 8.

2య² + 8య + 3య + 12
= 2య(య + 4) + 3(య + 4)
= (య + 4)(2య + 3)

8య ముందు రాయాలా, 3య ముందు రాయాలా అన్న సందేహం వస్తుంది. ఎలా రాసినా ఫలితం ఒకటే:

2య² + 3య + 8య + 12 = య(2య + 3) + 4(2య + 3) = (2య + 3)(య + 4)

కల్లాన్ని అడ్డంగా లెక్కపెట్టినా నిలువుగా లెక్కపెట్టినా కట్టలు మారవు కదా.

సరిచూసే విధానం: య = 10 అనుకొని రెండు వైపులా విలువ కట్టండి. ఎడమవైపు 200 + 110 + 12 = 322. కుడివైపు 14 × 23 = 322. పరిచయంలో చూసిన కల్లం ఇదే. ఒక్క విలువకు సరిపోయినంత మాత్రాన అది నిరూపణ కాదు, కాని మామూలుగా జరిగే గుర్తుల పొరపాట్లు, కూడికల పొరపాట్లు ఇక్కడే బయటపడతాయి. పరీక్షలో అర నిమిషం కూడా పట్టదు.

6.4 ఋణ గుర్తులు వచ్చినప్పుడు

ఈ పద్ధతిలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. రెండు నియమాలు గుర్తుంచుకోండి.

(1) క × చ ధనాత్మకమైతే మ, న రెండింటికీ ఒకే గుర్తు ఉంటుంది. ఆ గుర్తు మధ్యపదానిదే.
(2) క × చ ఋణాత్మకమైతే మ, న గుర్తులు వేరు. పెద్ద సంఖ్యకు మధ్యపదపు గుర్తు వస్తుంది.

ఉదాహరణ 2: 3య² – 14య + 8

క × చ = 24, మొత్తం –14. నియమం (1) ప్రకారం రెండూ ఋణసంఖ్యలే: –12, –2.

3య² – 12య – 2య + 8
= 3య(య – 4) – 2(య – 4)
= (య – 4)(3య – 2)

రెండవ జతను జాగ్రత్తగా చూడండి. –2య + 8 నుంచి –2 బయటకు తీసినప్పుడు లోపలి 8 స్థానంలో –4 వస్తుంది. చాలామంది ఇక్కడ –2(య + 4) అని రాస్తారు. అప్పుడు ఒక బ్రాకెట్టులో య – 4, మరొక దానిలో య + 4 ఉండి లెక్క ఆగిపోతుంది. రెండు బ్రాకెట్లు ఒకటి కాలేదంటే పద్ధతి తప్పు కాదు. మీరు ఎంచుకొన్న జతైనా తప్పై ఉండాలి, గుర్తైనా తప్పై ఉండాలి. వెనక్కి వెళ్ళి ఆ రెండింటినే చూడండి.

ఉదాహరణ 3: 6య² – 7య – 20

క × చ = –120. నియమం (2) ప్రకారం గుర్తులు వేరు కాబట్టి తేడా 7 వచ్చే జతను వెతకాలి. క్రమంగా రాద్దాం.

1, 120 – తేడా 119
2, 60 – తేడా 58
3, 40 – తేడా 37
4, 30 – తేడా 26
5, 24 – తేడా 19
6, 20 – తేడా 14
8, 15 – తేడా 7

జత దొరికింది. 15 పెద్దది కాబట్టి మధ్యపదపు ఋణ గుర్తు దానికి: –15, +8.

6య² – 15య + 8య – 20
= 3య(2య – 5) + 4(2య – 5)
= (2య – 5)(3య + 4)

సరిచూద్దాం: య = 10 అయితే 600 – 70 – 20 = 510, 15 × 34 = 510.

జాబితా ఎక్కడ ఆపాలి? 8, 15 తరువాత మిగిలింది 10, 12 ఒక్కటే. ఆ తరువాత 12, 10 అంటూ అవే జతలు తిరగబడి వస్తాయి. చిన్న సంఖ్య వర్గం 120ని దాటకముందే జాబితా పూర్తవుతుంది. అంటే 1 నుంచి 10 వరకు చూస్తే చాలు.

ఉదాహరణ 4: 12య² + 22య – 20

మూడు పదాల్లోనూ 2 ఉంది. ముందుగా దాన్ని తీద్దాం: 2(6య² + 11య – 10). ఇప్పుడు క × చ = –60, మొత్తం 11, జత 15, –4.

2(6య² + 15య – 4య – 10)
= 2[3య(2య + 5) – 2(2య + 5)]
= 2(2య + 5)(3య – 2)

ఉమ్మడి 2ను ముందే తీయకపోతే లబ్ధం –240 అయ్యేది. వెతుకులాట అంత పెరుగుతుంది. చివర రాసే జవాబులో ఆ 2ను మరచిపోవద్దు.

6.5 ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుంది?

సరైన మ, న దొరికితే రెండు జతల్లోనూ ఒకే బ్రాకెట్టు తప్పకుండా వస్తుందని ఎలా నమ్మాలి? సమాసాన్ని క తో గుణించి చూడండి. మధ్యపదాన్ని మయ + నయ గా, కచ స్థానంలో మన గా రాద్దాం.

క(కయ² + గయ + చ)
= క²య² + కమయ + కనయ + మన
= కయ(కయ + మ) + న(కయ + మ)
= (కయ + మ)(కయ + న)

మ × న = క × చ అన్న షరతు వల్లనే చివరి పదాన్ని మన అని రాయగలిగాం, ఆ మన వల్లనే రెండవ జతలో కూడా కయ + మ వచ్చింది. చివరగా, మొదట గుణించిన క తో భాగించాలి. ఉదాహరణ 1లో (2య + 8)(2య + 3) వస్తుంది. మొదటి బ్రాకెట్టు నుంచి 2ను తీసివేస్తే (య + 4)(2య + 3). ముందు వచ్చిన జవాబే.

6.6 జత దొరకనప్పుడు

య² + 5య + 3 తీసుకోండి. క × చ = 3. ఉన్న ఒకే ధన జత 1, 3. దాని మొత్తం 4. మనకు కావలసింది 5. జాబితా అయిపోయింది. కాబట్టి ఈ సమాసం పూర్ణసంఖ్యల గుణకాలతో విడిపోదు.

క × చ పెద్దదైతే జాబితా రాయకముందే ఈ సంగతి తెలుసుకోవచ్చు. మ, న ల మొత్తం, లబ్ధం తెలుసు కాబట్టి వాటి తేడా వర్గాన్ని ఇలా కనుక్కోవచ్చు:

(మ – న)² = (మ + న)² – 4మన = గ² – 4కచ

కుడివైపున ఉన్న గ² – 4కచ ను విచక్షణి అంటారు. వర్గ సమీకరణాల సూత్రంలో వర్గమూలం కింద మీకు కనిపించేది ఇదే. మ, న పూర్ణసంఖ్యలు కావాలంటే వాటి తేడా కూడా పూర్ణసంఖ్య కావాలి, అంటే విచక్షణి ఖచ్చితవర్గం కావాలి. దీని నుంచి మూడు సందర్భాలు వస్తాయి.

(అ) విచక్షణి ఖచ్చితవర్గం: జత తప్పక ఉంటుంది. వెతకనక్కరలేదు కూడా. ఉదాహరణ 1లో 121 – 96 = 25, తేడా 5. మొత్తం 11, తేడా 5 అయిన సంఖ్యలు 8, 3.
(ఆ) విచక్షణి ధనాత్మకం, కాని ఖచ్చితవర్గం కాదు: పూర్ణసంఖ్యల జత లేదు. అయినా సమీకరణానికి వాస్తవ మూలాలు ఉన్నాయి. సూత్రంతో కనుక్కోవాలి.
(ఇ) విచక్షణి ఋణాత్మకం: వాస్తవ మూలాలే లేవు.

(ఆ), (ఇ) రెండింటిలోనూ జతపరిచే పద్ధతి ఆగిపోతుంది. కాని రెండూ ఒకటి కావు. తరువాతి విభాగంలో ఈ తేడా ఎంత ముఖ్యమో చూస్తారు.

6.7 భూమి కొలతలో వర్గ సమాసం

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద, 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమిని సాగు చేసుకొంటున్న గిరిజన కుటుంబాలకు సాగులో ఉన్నంత మేరకు, 4 హెక్టార్లకు మించకుండా హక్కు ఇస్తారు. పెళ్ళయినవారికి భార్యాభర్తలిద్దరి పేరు మీద పట్టా ఉంటుంది. కాగితం మీద ఉన్న విస్తీర్ణం, నేల మీద ఉన్న విస్తీర్ణం ఒకటేనా అన్న ప్రశ్న అడవి అంచున ఉన్న ప్రతి కుటుంబానికీ అవసరమైనదే.

33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చతురస్రం ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరం. కాబట్టి 33 అడుగులను ఒక కొలగా తీసుకొంటే, పొడవు కొలలను వెడల్పు కొలలతో గుణిస్తే వచ్చేది నేరుగా గుంటలే.

ఒక దీర్ఘచతురస్రాకారపు చేను చుట్టూ టేపుతో కొలిస్తే 1,386 అడుగులు వచ్చిందనుకుందాం. అంటే 42 కొలలు. పొడవు, వెడల్పుల మొత్తం అందులో సగం, 21 కొలలు. వెడల్పు య అయితే పొడవు 21 – య. విస్తీర్ణం య(21 – య) గుంటలు. ఈ చేనుకు కాగితం మీద మూడు వేర్వేరు విస్తీర్ణాలు ఉంటే ఏమవుతుందో చూద్దాం.

మొదటి కాగితం: 2 ఎకరాల 10 గుంటలు, అంటే 90 గుంటలు.

య(21 – య) = 90, అంటే య² – 21య + 90 = 0
య² – 15య – 6య + 90 = 0
య(య – 15) – 6(య – 15) = 0
(య – 15)(య – 6) = 0

రెండు రాశుల లబ్ధం సున్న అయితే వాటిలో ఒకటైనా సున్న కావాలి. కాబట్టి య = 15 లేదా 6. భుజాలు 6, 15 కొలలు, అంటే 198 అడుగులు, 495 అడుగులు. ఇప్పుడు చేనుకు వెళ్ళి ఒక్క భుజం కొలిస్తే చాలు. 198 వస్తే కాగితం, నేల సరిపోయాయి.

రెండవ కాగితం: 2 ఎకరాల 20 గుంటలు, అంటే 100 గుంటలు. సమీకరణం య² – 21య + 100 = 0. విచక్షణి 441 – 400 = 41. ఇది ఖచ్చితవర్గం కాదు, కాబట్టి జతపరిచే పద్ధతి పనిచేయదు. అంతమాత్రాన కాగితం తప్పని చెప్పకూడదు. సూత్రంతో చేస్తే భుజాలు సుమారు 241 అడుగులు, 452 అడుగులు అని వస్తాయి. అలాంటి చేను ఉండవచ్చు.

మూడవ కాగితం: 3 ఎకరాలు, అంటే 120 గుంటలు. సమీకరణం య² – 21య + 120 = 0. విచక్షణి 441 – 480 = –39, ఋణాత్మకం. ఇంత చుట్టుకొలతలో ఇంత విస్తీర్ణం గల దీర్ఘచతురస్రం ఉండనే ఉండదు. ఒక్క భుజం కూడా కొలవకుండానే చెప్పవచ్చు: టేపైనా తప్పు, కాగితమైనా తప్పు.

ఈ చుట్టుకొలతకు గరిష్ఠ విస్తీర్ణం ఎంత? విచక్షణి ఋణాత్మకం కాకూడదంటే 4 × విస్తీర్ణం 441ని మించకూడదు. కాబట్టి గరిష్ఠంగా 110.25 గుంటలు, అంటే 2 ఎకరాల 30 గుంటల పావు. అప్పుడు చేను చతురస్రంగా ఉంటుంది. మొదటి కాగితంలోని చేనుకు, ఈ చతురస్రానికి చుట్టుకొలత ఒకటే. విస్తీర్ణంలో తేడా మాత్రం 20 గుంటల పైమాటే, అంటే అర ఎకరానికి పైగా. చుట్టూ తిరిగి కొలిచినంత మాత్రాన భూమి ఎంతో తెలిసిపోదని దీన్ని బట్టి గ్రహించండి.

ఒక హెచ్చరిక: పోడు చేలు చాలావరకు సరైన దీర్ఘచతురస్రాలుగా ఉండవు. వంకర హద్దులున్న భూమిని ముక్కలుగా చేసి కొలవాలి. అధికారిక కొలత సర్వేయరుదే. కాని ఏ ప్రశ్న అడగాలో తెలియడానికి ఈ లెక్క ఉపయోగపడుతుంది.

6.8 సారాంశం

వర్గ సమాసాన్ని విడదీయడమంటే గుణకారంలో కలిసిపోయిన రెండు మధ్యపదాలను మళ్ళీ వేరు చేయడం. ఆ రెండు పదాల గుణకాల మొత్తం గ, లబ్ధం క × చ. వాటిని క్రమంగా జాబితా రాసి గాని, విచక్షణి సహాయంతో గాని కనుక్కోవచ్చు. జతపరిచినప్పుడు రెండు బ్రాకెట్లు ఒకటి కాకపోతే జతనో గుర్తునో మళ్ళీ చూడాలి. విచక్షణి ఖచ్చితవర్గం కాకపోతే పూర్ణసంఖ్యలతో విడదీయలేం. అది ఋణాత్మకమైతే వాస్తవ మూలాలే ఉండవు.

6.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

సూచన: ముందుగా మీ జవాబులు నోటు పుస్తకంలో రాసి, ఆ తరువాతే 6.10తో పోల్చుకోండి.

1. 2య² + 7య + 3 ను కారణాంకాలుగా విడదీయండి.
2. 6య² + య – 12 ను కారణాంకాలుగా విడదీయండి.
3. 5య² – 17య + 6 ను కారణాంకాలుగా విడదీయండి.
4. 3య² + 5య + 1 పూర్ణసంఖ్యల గుణకాలతో విడిపోతుందా? కారణం రాయండి.
5. ఒక దీర్ఘచతురస్రాకారపు చేను చుట్టుకొలత 1,122 అడుగులు, విస్తీర్ణం 1 ఎకరం 32 గుంటలు. భుజాలు కనుక్కోండి. ఇదే చుట్టుకొలతతో 2 ఎకరాల దీర్ఘచతురస్రాకారపు చేను ఉండగలదా?

6.10 జవాబులు

1. జత 6, 1. (య + 3)(2య + 1)
2. జత 9, –8. (2య + 3)(3య – 4)
3. జత –15, –2. (య – 3)(5య – 2)
4. విడిపోదు. విచక్షణి 25 – 12 = 13, ఇది ఖచ్చితవర్గం కాదు.
5. చుట్టుకొలత 34 కొలలు, భుజాల మొత్తం 17, విస్తీర్ణం 72 గుంటలు. య² – 17య + 72 = (య – 8)(య – 9). భుజాలు 264 అడుగులు, 297 అడుగులు. 2 ఎకరాలంటే 80 గుంటలు; అప్పుడు విచక్షణి 289 – 320 = –31. కాబట్టి అలాంటి చేను ఉండదు.